ఒక్క ట్యాంకు అయ్యాక చెప్తాను

"బ్రేక్! బ్రేక్ అండీ! అది యాక్సిలరేటరు!"

ఆ కేక వెనకాలే ధడేల్‌మని చప్పుడు. గ్యారేజీలో జీపు కింద పడుకుని నట్లు బిగిస్తున్న మెకానిక్కు ఉలిక్కిపడి లేవబోయి నుదురు కొట్టుకున్నాడు. "ఎవడ్రా అది!" అంటూ బయటికొచ్చాడు.

ఎవడూ కాదు. గేటు పక్కనున్న సిమెంటు స్తంభానికి వీపు ఆనించి ఒక పాత తెల్ల కారు నిలబడి ఉంది. నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. స్టీరింగు ముందు ఒక పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. పక్క సీట్లోంచి ఒకమ్మాయి దిగి, కారు వెనక్కి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తప్పంతా స్తంభానిదే అన్నట్టు దాన్ని చూస్తోంది.

సరిగ్గా అప్పుడే కారు గుప్పుమని నల్లటి పొగ వదిలింది. మెకానిక్కు ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. అతని అదృష్టం అలాంటిది.

"ఏమండీ, వెనక ఏముందో చూసుకోరా?" అన్నాడు చొక్కా దులుపుకుంటూ.

"ఆవిడకి ముందుకి చూడటం వచ్చింది. వెనక్కి చూడటం ఇవాళే మొదలెట్టాం" అంది ఆ అమ్మాయి.

"మొదలెట్టడానికి నా స్తంభమే దొరికిందా?"

"మీ స్తంభానికేం కాలేదుగా?"

మెకానిక్కు వంగి చూశాడు. నిజమే, స్తంభానికి గీత కూడా పడలేదు. "స్తంభం బానే ఉంది. మీ సైలెన్సరు పైపు మూతి నలిగిపోయింది. అయినా ఇది కారా, ఇటుకల బట్టీయా? ఇంత పొగేంటి?"

"డీజిల్ కారండీ. పొగ రాక పన్నీరు వస్తుందా?"

గ్యారేజీకి ఆనుకుని ఉన్న స్పేర్ పార్టుల కౌంటరు వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినపడింది. ఆ నవ్వు మెకానిక్కు అక్కది. తమ్ముడికి ఎదురు మాట చెప్పేవాళ్ళు కనిపిస్తే ఆవిడకి పండగే.

పైపు లోపలికి ఇనప కడ్డీ పెట్టి, సుత్తితో కొట్టి, మూతిని మళ్ళీ గుండ్రంగా చెయ్యాలని మెకానిక్కు చాలాసేపు తంటాలు పడ్డాడు. మూడు పక్కలా వచ్చింది గానీ నాలుగో పక్క రాలేదు. చివరికి అది ఒక పక్క కొరికిన బిస్కెట్టులా మిగిలింది.

"ఇంతకన్నా రాదండీ" అన్నాడు.

"పర్లేదు. గుర్తుగా ఉంటుంది" అంది టీచరు. అవును, డ్రైవింగ్ టీచరు కాబట్టి అక్క అప్పటికే ఆమెకి ఆ పేరు పెట్టేసింది.

మన మెకానిక్కుకి ఒక అలవాటుంది. ఏ డీజిల్ బండి వచ్చినా ముందు ఒక పల్చటి తెల్లగుడ్డ తీసి సైలెన్సరు పైపు మూతికి కడతాడు. ఇంజను స్టార్టు చేసి కాసేపు అలా వదిలేస్తాడు. తర్వాత గుడ్డ విప్పి, దాని మీద పడ్డ మసి చూసి జబ్బు చెప్తాడు. ఈ పిచ్చి వల్ల ఇంట్లో పాత దుప్పట్లన్నీ ముక్కలైపోయాయని అక్క ఏడుపు. ఆ రోజు తెల్ల కారుకి కట్టిన గుడ్డ మీద కాటుక పూసినట్టు నల్లటి మచ్చ పడింది, అదీ కొరికిన బిస్కెట్టు ఆకారంలోనే.

"మీ బండి రోజంతా ఫస్టు గేరు, సెకండు గేరు తప్ప ఎరగదు. ఇంజను ఒంటికి వేడి పట్టేలోపే ఆపేస్తారు. అందుకే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మూతులకి మసి పట్టింది."

"మందేంటి?"

"అప్పుడప్పుడూ ఊరి బయటికి తీసుకెళ్ళి గట్టిగా నడపండి. ఇంజనుకి కాస్త ఒళ్ళు వంగుతుంది."

"ఒక్కదాన్నే వెళ్ళాలా?" అంది టీచరు, గుడ్డ మీద మచ్చనే చూస్తూ.

తెలివైనవాడెవడైనా ఈ ప్రశ్నకి ఏం చెప్పాలో అదే చెప్తాడు. మనవాడు కొంచెంసేపు ఆలోచించి, "ఒక్కరే ఎందుకూ, ఎవరైనా స్టూడెంటుని తీసుకెళ్ళండి. వాళ్ళకి పాఠమూ అవుతుంది, ఇంజను మసీ వదులుతుంది" అన్నాడు.

కౌంటరు వెనక అక్క నెత్తి కొట్టుకుంది.

*

ఆ తర్వాత టీచరు ఏదో ఒక వంకతో గ్యారేజీకి వస్తూనే ఉంది. వైపర్లు కీచుమంటున్నాయని, క్లచ్ బిగుసుకుందని, ఏమీ లేకపోతే పొగ కొంచెం తగ్గినట్టు అనిపిస్తోంది చూడమని. ఆమె వచ్చిందంటే మెకానిక్కు చేతులు తుడుచుకోవడానికి కాస్త శుభ్రమైన గుడ్డ వెతుక్కునేవాడు. కారు ఎలా ఉందో అడిగేవాడు. శబ్దం ఎలా ఉంది, పికప్ ఎలా ఉంది, అన్నీ అడిగేవాడు.

ఒకరోజు ఆమె అంది: "వేరే గ్యారేజీకి వెళ్తే బండి దిగేలోపే పెద్ద లిస్టు చెప్తారండీ. మీరు పని లేకపోతే లేదనే చెప్తారు. మీరు చెప్పాక ఇంకొకళ్ళని అడగాలనిపించదు."

ఆ మాటకి మెకానిక్కు ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు. ఎవరో పంక్చరైన టైరు తెస్తే దానికీ ఈల వేశాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా సీసాల బాబు దిగాడు.

ఇస్త్రీ నలగని చొక్కా, మొహం కనిపించేంత మెరిసే బూట్లు, వీధి మొదట్లో ఉండగానే కౌంటరు దాకా వచ్చే సెంటు వాసన. చేతిలో బ్యాగు నిండా సీసాలు. నీలం సీసా డీజిల్ ట్యాంకులో పోసేది, పసుపు సీసా ఇంజనాయిల్‌లో కలిపేది. ఊళ్ళో కౌంటర్లన్నీ తిరిగి వాటిని అమ్మడం అతని ఉద్యోగం.

"ఈ నీలం సీసా పోస్తే పొగ మాయం, మైలేజీ డబుల్. ఈ పసుపు సీసా పోస్తే శబ్దం మాయం, ఇంజను మళ్ళీ కొత్తదైపోతుంది" అన్నాడు అక్కతో, తడుముకోకుండా.

"అన్నీ మాయమైతే మా తమ్ముడు కూడా మాయమవ్వాలి బాబూ, పని లేక" అంది అక్క. నవ్వుతూనే రెండేసి సీసాలు షెల్ఫులో పెట్టుకుంది.

విడ్డూరమేంటంటే, బండ్ల గురించి అంత ఉపన్యాసం ఇచ్చే ఆ బాబుకి కారు నడపడం రాదు. "కంపెనీవాళ్ళు కారు ఇస్తామంటున్నారండీ. లైసెన్సు కావాలంట" అన్నాడు సిగ్గుపడుతూ. నోరూరుకోక అక్క టీచరు అడ్రసు ఇచ్చింది.

మర్నాటి నుంచి మొదలైంది మెకానిక్కు యాతన.

రోజూ పొద్దున గ్యారేజీ తలుపు తీసే వేళకి తెల్ల కారు ఆ వీధిలోంచే వెళ్ళేది. స్టీరింగు దగ్గర సీసాల బాబు, పక్కన టీచరు. అతనేదో చెప్తాడు, ఆమె నవ్వుతుంది. అతను గేరు మార్చలేక గరగరలాడిస్తాడు, ఆమె అతని చేతి మీద చెయ్యేసి మారుస్తుంది. ఇద్దరూ కలిసి ఊరి బయటికి వెళ్తారు. ఎందుకు? ఇంజనుకి ఒళ్ళు వంగాలిగా. సలహా ఎవరిది? మన మహానుభావుడిదే!

"ఒరేయ్, ఆ స్పానరు పట్టుకుని అలా పళ్ళు నూరితే నట్టు బిగుస్తుందా?" అంది అక్క.

"వాడికి ఇంకా గేరు వెయ్యడం రాలేదు చూశావా అక్కా? ఇన్నాళ్ళకి కొండముచ్చుకి నేర్పినా వచ్చేది."

"రాకపోతే నీకేం?"

"నాకేం? నాకేం లేదు. గేరుబాక్సు పాడవుతుందని. బండి గురించి నా బాధ."

"బండి గురించే అయితే మొహం అలా మాడ్చుకోవడమెందుకురా, బండి ఇంకా మాడలేదు."

మెకానిక్కు కడుపులో మంటంటే మామూలు మంట కాదు. సెంటు వాసన వస్తే చాలు తుమ్మొచ్చేది. ఎవరి బూట్లు మెరిసినా ఒళ్ళు మండేది. ఒకసారి తన చేతి గోళ్ళ కింద నల్లటి గ్రీజు చూసుకుని, సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకున్నాడు. వదల్లేదు. ఆ కోపం కూడా సీసాల బాబు మీదికే వెళ్ళింది.

*

ఆ మధ్యలోనే టీచరు రెండు సీసాలు పట్టుకుని వచ్చింది, నీలం ఒకటి, పసుపు ఒకటి.

"మా స్టూడెంటు ఇచ్చాడు. ఇవి పోస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా, దండగా?"

"రెండూ దండగే" అన్నాడు మెకానిక్కు, సీసాల వైపు చూడకుండానే.

"చూడకుండా చెప్తారేంటి? ఇంతకు ముందెప్పుడూ అలా చెప్పలేదే మీరు."

మెకానిక్కుకి చురుక్కుమంది. పసుపు సీసా చేతిలోకి తీసుకున్నాడు. "ఇదిగోండి, ఇంజనాయిల్‌లో కావలసినవన్నీ తయారుచేసేవాళ్ళే కలిపి పంపుతారు. మనం మళ్ళీ పోస్తే ఉప్పు సరిపోయిన కూరలో ఇంకో చెంచా వేసినట్టు. మంచి ఆయిలు వేసి, వేళకి మారిస్తే చాలు. ఇది దండగ."

"మరి నీలం సీసా?"

ఇక్కడ ఆగాడు. మసి పట్టిన ఇంజెక్టర్లని కడగడానికి అలాంటి మందు ఒక్కోసారి పనికొస్తుందని అతనికి బాగా తెలుసు. అరిగిపోయిన భాగాలకి ప్రాణం పోయదు, మైలేజీ డబులూ కాదు. కానీ ఫస్టు గేరులో పాకే ఇలాంటి పాత బండికి పొగ తగ్గిస్తే తగ్గించొచ్చు. ఈ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. కారు సీటు మీంచి సెంటు వాసన గుప్పుమని కొట్టింది. నోరు మూసుకున్నాడు.

"పోసి చూస్తే గానీ చెప్పలేం. ఒక్క ట్యాంకు అయ్యాక చెప్తాను" అన్నాడు చివరికి.

"గుడ్డ కట్టి చూద్దామా? ముందొకటి, ట్యాంకు అయ్యాక ఒకటి?" అంది టీచరు ఉత్సాహంగా. "ఏది వస్తే అది చెప్పాలి మరి."

"ఏది వస్తే అదే చెప్తాను."

మొదటి గుడ్డ అప్పుడే కట్టారు. నల్లటి మచ్చ, కొరికిన బిస్కెట్టు. టీచరు తన చేత్తోనే నీలం సీసా ట్యాంకులో వంచింది. పసుపు సీసా మాత్రం కౌంటరు మీదే వదిలేసి వెళ్ళింది.

*

ట్యాంకు ఖాళీ కావచ్చిన రోజు వాన. వానంటే అలాంటిలాంటి వాన కాదు, రేకుల మీద పప్పులు వేయించినట్టు మోత. టీచరు కారుని తిన్నగా షెడ్డులోకి తెచ్చి ఆపి, దిగి, తడిసిన జుట్టుని వెనక్కి తోసుకుంది. మెకానిక్కుకి ఆమె మీంచి చూపు తిప్పుకోవడానికి కొంచెం టైము పట్టింది.

"టీ తాగిరా అమ్మాయ్" అని అక్క కౌంటరు దగ్గరికి పిలిచింది. మెకానిక్కు ఒక్కడే గుడ్డ కట్టి ఇంజను స్టార్టు చేశాడు. చెవి పెట్టి విన్నాడు. శబ్దం కొంచెం మెత్తబడింది. కాసేపాగి గుడ్డ విప్పాడు.

మచ్చ నల్లగా లేదు. బూడిద రంగులో, పల్చగా ఉంది. ఎవరు చూసినా చెప్పగలిగేంత తేడా.

ఒక్క క్షణం మెకానిక్కు మొహం విప్పారింది. బండి బాగుపడితే సంతోషించడం అతని ఒంట్లోనే ఉంది. పరుగెత్తికెళ్ళి చూపించాలని గుడ్డ పట్టుకుని అటు తిరిగాడు కూడా.

కౌంటరు దగ్గర టీచరు ఫోన్‌లో మాట్లాడుతోంది. వాన మోతలో ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. "...మీరు చాలా మంచివారండీ... లేదు లేదు, నేనేమీ అనుకోలేదు... మీ సీసా సంగతి ఇప్పుడే తెలుస్తుంది..."

మీరు చాలా మంచివారండీ! ఇన్నాళ్ళూ కారు కింద దూరి నడుం విరగ్గొట్టుకున్నవాడికి ఒక్కసారైనా ఆ మాట చెప్పిందా? ఇప్పుడు తను వెళ్ళి ఆ మంచివాడి సీసా పనిచేసిందని చెప్పాలి. ఆమె ఇంకా మంచివారండీ అనాలి. ఆ సెంటు బాబు ఇంకా పళ్ళికిలించాలి.

మెకానిక్కు బూడిద రంగు గుడ్డని ఉండచుట్టి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. గోడకున్న మేకుకి పొద్దున ఒక సరుకుల వ్యానుకి కట్టిన గుడ్డ వేలాడుతోంది. నల్లటి మచ్చ, బ్రహ్మాండమైన మచ్చ. దాన్ని తీశాడు.

"చూశారా? ఏ తేడా లేదు" అన్నాడు టీచరు రాగానే.

టీచరు గుడ్డ తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి అతన్ని చూసింది.

"ఇది నా కారుదేనా?"

"మరి ఎవరిది?"

టీచరు ఆ మచ్చ అంచు చుట్టూ వేలు తిప్పింది.

"అయితే ఇంజెక్టర్లు పోయినట్టేగా?" అంది.

ఒక అబద్ధం చెప్పాక దానికి తోడు ఇంకోటి అడుగుతుంది. "పోయినట్టే" అన్నాడు గోడ వైపు చూస్తూ.

"అయితే నాన్న అన్నదే నిజం" అని, ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, వాన తగ్గకుండానే వెళ్ళిపోయింది.

*

మర్నాడు తెల్ల కారు ఆ వీధిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

కోరుకున్నది జరిగినట్టే కదా, సెంటు బాబుని ఆ సీట్లో చూడాల్సిన బాధ తప్పింది కదా. కానీ మెకానిక్కుకి అన్నం సయించలేదు. జేబులో గుడ్డ ముక్క ఇటుకంత బరువనిపించింది. పారేద్దామని చెత్తడబ్బా దాకా వెళ్ళి, మళ్ళీ జేబులోనే పెట్టుకుని వచ్చాడు.

ఆ వారంలోనే సీసాల బాబు కౌంటరు దగ్గరికొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"మెకానిక్కు గారూ, టీచరుగారి కారుకి నా సీసా పనిచెయ్యలేదంట కదండీ? నా మీద నమ్మకం లేక మీ దగ్గర పరీక్ష చేయించారని ముందు కొంచెం బాధపడ్డాను. కానీ మీరు చెప్పారంటే నిజమే అయ్యుంటుందండీ. మీరంటే ఆవిడకి అంత గురి. కారులో కూర్చుంటే చాలు, మెకానిక్కు గారు ఇలా అన్నారు, మెకానిక్కు గారు అలా అన్నారు... వినీ వినీ నాకు మీ మీద కుళ్ళొచ్చేదండీ నిజంగా."

మెకానిక్కు చేతిలోంచి స్పానరు జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

అతను వెళ్ళగానే అక్క నింపాదిగా అంది: "వాళ్ళ నాన్న కారు అమ్మేస్తున్నాడంట. ఈ పొగ చూసి కొత్తవాళ్ళెవరూ స్కూల్లో చేరడం లేదని ఎప్పట్నుంచో అంటున్నాడు. సీసా పనిచేస్తే ఉంచుదాం, లేకపోతే అమ్మేద్దాం అనుకున్నారంట. ఆ పిల్ల స్టీరింగు పట్టుకోవడం నేర్చుకుంది ఆ కారులోనే. సాయంత్రం కొనేవాడు వస్తున్నాడు."

"నాకు ఇప్పుడా చెప్పడం!"

"నీకు చెప్తే ఏం చేస్తావురా? ఇంజెక్టర్లు పోయాయిగా?" అంది అక్క, అతని జేబు వైపు చూస్తూ.

మెకానిక్కు అక్క స్కూటరు తాళం లాక్కుని పరుగెత్తాడు.

*

డ్రైవింగ్ స్కూలు గ్రౌండులో సున్నంతో గీసిన గీతలు, గీతల వెంట పాత టైర్లు. మధ్యలో తెల్ల కారు. కొనేవాడు బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూస్తున్నాడు. పక్కన టీచరు నాన్న. ఉద్యోగమంతా బస్సు నడిపి రిటైరై ఈ స్కూలు పెట్టిన పెద్దాయన. టీచరు దూరంగా టైరు మీద కూర్చుని ఉంది. పాఠం కోసం వచ్చిన సీసాల బాబు ఏం చెయ్యాలో తెలియక బూట్లు చూసుకుంటున్నాడు.

"ఆగండి! అమ్మకండి!" అంటూ మెకానిక్కు స్కూటరుని స్టాండు వెయ్యకుండానే వదిలేశాడు. అది పడిపోయింది. "ఇంజెక్టర్లు బానే ఉన్నాయండీ. నేను అబద్ధం చెప్పాను."

అందరూ అతని వైపు తిరిగారు. అతను జేబులోంచి నలిగిన గుడ్డ తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. "ఇదీ ఆ రోజు పడిన అసలు మచ్చ. పొగ సగానికి సగం తగ్గింది. ఆయన సీసా పనిచేసింది."

"చూశారా! నేను చెప్పలా!" సీసాల బాబు ఎగిరి గంతేశాడు. "మైలేజీ కూడా డబుల్..."

"డబుల్ కాదు. మసి కడుగుతుంది, అంతే."

"ఆ పసుపు సీసా కూడా..."

"అది మాత్రం దండగే."

"ఇది నిజమా, ఇది కూడా అబద్ధమేనా?" అన్నాడు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుంటూ. "నీకూ నా కారుకీ ఏం పగ బాబూ? ఎందుకు చెప్పావు అబద్ధం?"

"కారు మీద కాదండీ." మెకానిక్కు సీసాల బాబు వైపు చూశాడు. "ఈయన మీద. రోజూ పొద్దున్నే టీచరుగారి పక్కన కూర్చుంటాడు. నవ్విస్తాడు. గేరు మీద ఈయన చెయ్యి, ఈయన చేతి మీద ఆవిడ చెయ్యి. నేను అక్కడ గేటులో నిలబడి చూస్తూ ఉండాలి. ఆ రోజు ఫోన్‌లో ఈయన్ని మంచివారండీ అన్నారు. కుళ్ళు పుట్టిందండీ. ఈయన సీసా పనిచేసిందని నా నోటితో చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు. టీచరుగారంటే నాకు... ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ వైపర్లు మారుస్తూ కూర్చున్నాను."

"నా మీదా కుళ్ళు?" సీసాల బాబు నోరు వెళ్ళబెట్టాడు. "నాకు గేరు వెయ్యడం కూడా రాదండీ!"

"బండి బాగుందంటే నేను తీసుకుంటా" అన్నాడు కొనేవాడు మధ్యలో.

"నువ్వు కాసేపు ఆగవయ్యా" అన్నాడు పెద్దాయన. "ఇంతకీ ఈ గుడ్డ మా కారుదేనని నమ్మకమేంటి?"

టీచరు టైరు మీంచి లేచింది. ఏమీ మాట్లాడకుండా నాన్న చేతిలో గుడ్డ తీసుకుని కారు వెనక్కి వెళ్ళి, వంగి, పైపు మూతికి ఆనించింది. బూడిద రంగు మచ్చకి ఒక పక్క అంచు కొరికేసినట్టుంది. పైపు నలిగిన చోట సరిగ్గా అతికింది.

తర్వాత బ్యాగులోంచి ఇంకో గుడ్డ తీసి విప్పింది. వ్యాను గుడ్డ. మచ్చ నిండుగా, గుండ్రంగా ఉంది, ఏ పక్కా కొరకని బిస్కెట్టులా.

"ఇది గుండ్రంగా ఉందండీ మెకానిక్కు గారూ. నా కారు పైపుకి గుండ్రం ఎక్కడిది? మీ స్తంభమేగా నలిపింది. మీరేగా సుత్తి పట్టుకుని సాగదీసింది."

మెకానిక్కు తెల్లబోయాడు. "అంటే ఆ రోజే తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగాను. నా కారుదేనా అని అడిగాను. మీరు నా మొహంలోకి చూస్తూ మరి ఎవరిది అన్నారు." ఆమె రెండు గుడ్డలూ అతని చేతిలో పెట్టింది. "కారు పోతుందని కాదు నా బాధ. మీరు చెప్పాక ఇంకొకళ్ళని అడగనని చెప్పానే, ఆ మాట ఏమవ్వాలి? మీ అంతట మీరే చెప్తారని చూశాను. మీ వీధిలోకి రావడం మానేశాను, మొహం చూస్తే నేనే బయటపడతానని. ఇవాళ సాయంత్రం దాకా చూద్దామనుకున్నాను."

మెకానిక్కు తల దించుకున్నాడు.

"ఇంకోటి కూడా వినండి. ఆ రోజు ఫోన్‌లో ఈయన నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు. మీరు చాలా మంచివారండీ, కానీ కుదరదు అన్నాను. సగం విని కుళ్ళుకునే బదులు మిగతా సగం కూడా వినొచ్చుగా?"

"అవునండీ. కుదరదన్నారు" అన్నాడు సీసాల బాబు దిగులుగా.

మెకానిక్కు ఎక్కడికి పారిపోవాలో తెలియక చుట్టూ చూశాడు. స్కూటరు పడిపోయి ఉంది. దిక్కుతోచక పెద్దాయన వైపు చూశాడు.

పెద్దాయన బానెట్ దించి, కొనేవాడి భుజం తట్టాడు. "కారు అమ్మడం లేదయ్యా. వెళ్ళిరా." తర్వాత మెకానిక్కుని పైనుంచి కిందిదాకా చూశాడు. "నేనూ ఒకప్పుడు కుళ్ళుబోతునే బాబూ. మా ఆవిడ బస్సులో ఎక్కితే కండక్టరుని టిక్కెట్టు కూడా అడగనిచ్చేవాణ్ణి కాదు. నా వైపు నుంచి అడ్డం లేదు. మిగతాది అమ్మాయి ఇష్టం."

మెకానిక్కు ధైర్యం కూడగట్టుకున్నాడు. "మరి మీరేమంటారండీ?"

టీచరు కళ్ళు తుడుచుకుంది. పెదవుల చివర ఎక్కడో చిన్న నవ్వు దాక్కుంది.

"చూడకుండా ఎలా చెప్తాను? ఇవాళే ట్యాంకు నింపించాను. ఒక్క ట్యాంకు అయ్యాక చెప్తాను."

*

నిండు ట్యాంకు! ఫస్టు గేరులో పాకే బండికి అది ఎప్పటికి అవుతుందో తలుచుకుంటేనే మెకానిక్కుకి నీరసం వచ్చింది.

కానీ మర్నాటి నుంచీ ఆ వీధిలో ఒక వింత మొదలైంది. తెల్ల కారు పొద్దున ఇటు నుంచి అటు వెళ్తుంది. టీ తాగేలోపు అటు నుంచి ఇటు వస్తుంది. మధ్యాహ్నం ఎండలో పక్కన స్టూడెంటు లేకుండానే వెళ్తుంది. స్కూలుకి సెలవు రోజు కూడా వెళ్తుంది.

"ఏంట్రా, టీచరు దారి తప్పిందా ఏంటి? అన్నిసార్లు తిరుగుతోంది" అంది అక్క.

మెకానిక్కు స్పానరు పట్టుకుని గేటులో నిలబడి నవ్వాడు. "దారి తప్పలేదక్కా. ట్యాంకు ఖాళీ చేస్తోంది."

మళ్ళీ వాన పడుతున్న ఒక సాయంత్రం, తెల్ల కారు మెల్లగా వచ్చి, దగ్గి, ఇంకోసారి దగ్గి, సరిగ్గా ఆ సిమెంటు స్తంభం పక్కన ఆగిపోయింది. మెకానిక్కు వానలో పరుగెత్తాడు. అద్దం లోంచి మీటరు చూశాడు. ముల్లు అట్టడుగున పడుకుంది.

"ఏంటండీ ఇది? డీజిల్ బండిని ఇంతలా ఎండగడతారా? పైపుల్లో గాలి పట్టేస్తుంది! మళ్ళీ గాలంతా తీసేదాకా స్టార్టు కాదు తెలుసా? కనీసం రిజర్వు లైటు వెలిగినప్పుడైనా..."

టీచరు అద్దం దించింది. "ట్యాంకు అయిపోయిందండీ. ఇక నేను చెప్పొచ్చా, మీ పాఠం అయ్యేదాకా ఆగాలా?"

మెకానిక్కు నోరు మూసుకున్నాడు. వాన నీళ్ళు అతని మెడ మీద పడుతున్నాయి.

"మీకొక్కరికే కాదు కుళ్ళు. నాకూ ఉంది, ఈ కారంటే. మొదటి రోజు నుంచీ నేనెప్పుడొచ్చినా మీరు దీన్నే పలకరించారు. పొగెలా ఉంది, శబ్దమెలా ఉంది, క్లచ్ ఎలా ఉంది. ఇప్పుడు కూడా దీని గురించే తిడుతున్నారు. నేనెలా ఉన్నానని ఒక్కసారైనా అడిగారా?"

మెకానిక్కు గ్రీజు చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. కిటికీ దగ్గరికి వంగాడు.

"ఎలా ఉన్నారు?"

టీచరు తలుపు తీసుకుని దిగింది. వానలోనే, గొడుగు లేకుండా, అతని ఎదురుగా నిలబడి, ఆ గ్రీజు చెయ్యి అందుకుంది.

"ఇప్పుడు బాగున్నాను" అంది.

"ఒరేయ్!" కౌంటరు వెనక నుంచి అక్క అరిచింది. "తడిసిపోతోందిరా ఆ పిల్ల! ముందు లోపలికి తీసుకురా, కారు సంగతి తర్వాత చూద్దువుగాని!"